నీళ్లతో గీసిన కన్ను

మొదట్లో జితేందర్ చేతిలో ఉన్నవి ఇవీ. కోరుట్ల బస్టాండు రోడ్డులో ఒక రంగుల దుకాణం. దుకాణం వెనక గదిలో తాళం వేసిన ఒక అల్మారీ. అల్మారీ నిండా కవర్లు విప్పని కుంచెలు, సీలు తీయని రంగులు, ముట్టుకుంటే మాసిపోతాయని ముట్టుకోని డ్రాయింగు పుస్తకాలు. ఫోన్ నిండా తర్వాత చూద్దామని సేవ్ చేసుకున్న వీడియోలు. వీటన్నిటి వెనక చిన్నప్పటి నుంచీ వెంట వస్తున్న కోరిక ఒకటి: బొమ్మలు వేయాలి. అందులోనూ, చూసేవాళ్లను తిరిగి చూసే బొమ్మలు వేయాలి.

వేసిన బొమ్మ మాత్రం ఒక్కటీ లేదు.

బేరంలో అతన్ని మించినవాడు ఆ రోడ్డులో లేడు. దుకాణంలో ఒక డబ్బా సీజను దాటి మిగిలితే అన్నం సయించేది కాదు. కదలని సరుకు పెట్టుబడిని తినేస్తుందని నలుగురికీ చెప్పేవాడు. అదే మనిషి, వెనక అల్మారీలో సరుకు ఏళ్ల తరబడి కదలకపోతే మాత్రం తన కళ పెరుగుతోందని లెక్క వేసుకునేవాడు.

శ్రావణమాసం. వినాయక చవితి దగ్గర పడుతోంది. కోరుట్ల విగ్రహాల షెడ్లకు రంగులు పోటెత్తి పోతున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి వాన మొదలైంది. చున్నీ నెత్తిన కప్పుకుని ఒక అమ్మాయి దుకాణంలోకి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, రెండో నంబరు రౌండ్ బ్రష్ ఉన్నదా?"

ఆమె కళ్లు చూశాక ఆ 'అన్నా' అన్న పిలుపును జితేందర్ మొదటి నష్టంగా రాసుకున్నాడు.

"ఉన్నది మేడమ్. లోకల్ కావాల్నా, బ్రాండెడా?"

"గీత గీసేది కావాలె."

అతను కొన్ని కుంచెలు తీసి పెట్టాడు. ఆమె ఒకటి తీసుకుని, అక్కడున్న గ్లాసులో ముంచి, కౌంటరు మీది శాబాదు బండపై ఒక గీత గీసింది. పెదవి విరిచి పక్కన పెట్టింది. ఇంకొకటి తీసింది.

"ఓ మేడమ్, ఏం చేస్తున్నరు? గా నీళ్లు నేను తాగేటియి!"

"తాగు. నేనేం వద్దన్ననా?"

"తడిపిన బ్రష్‌లు నేనెవలికి అమ్మాలె?"

"తడపకుండ కొంటపోతే రేపు నేనెవలికి చెప్పుకోవాలె?"

జితేందర్ ఇంకో కుంచెను ఆమె ముందుకు జరిపాడు. బేరంలో అతను అలా తగ్గడం అరుదు.

చివరి కుంచె ఆమెకు నచ్చింది. దాని మొనను పెదవుల మధ్య సుతారంగా సవరించి, బండ మీద పైన ఒక గీత, కింద ఒక గీత, నడుమ ఒక చుట్టు చుట్టింది. అంతే. బండ మీద ఒక కన్ను తెరుచుకుంది.

అది జితేందర్‌నే చూస్తోంది. అతను ఎడమకు జరిగాడు. అటూ చూసింది. కొంచెం వంగాడు. వంగినా వదల్లేదు.

"ఇదేంది, నన్నే చూస్తున్నది?"

"ముందట నువ్వే ఉన్నవు గదా. ఇంకెవల్ని చూడాలె?"

"జర ఆగు, ఫోటో తీస్కుంట."

ఫోన్ తీసి నొక్కాడు. 'స్టోరేజ్ ఫుల్' అంది ఫోన్. సేవ్ చేసిన వీడియోల్లో ఏది తీసేయాలో తేల్చుకోలేక అటూ ఇటూ వెతుకుతుండగానే కన్ను అంచుల నుంచి ఆరుతూ వచ్చింది. నడుమ చుక్క ఒక్కటి చివరిదాకా అతన్ని చూసి, అదీ ఆరిపోయింది.

"పాయె! మల్ల గియ్యవా?"

"వాన తగ్గింది. పోవాలె అన్నా," అంటూ ఆమె డబ్బులు కౌంటరు మీద పెట్టి, కుంచెతో వెళ్లిపోయింది.

ఆరిపోయిన ఆ కన్ను రెండో నష్టం. కానీ మనిషికి ఒక ప్రశ్న మిగిలింది. రంగు లేదు, కాగితం లేదు. తను తాగే నీళ్లే, తన బండే. మరి ఆ చూపు ఎక్కణ్నుంచి వచ్చింది?

ఆ ప్రశ్న అతన్ని కూర్చోనివ్వలేదు. మర్నాడు ఊరి చివర లింగవ్వ షెడ్డుకు వెళ్లాల్సిన రంగు డబ్బాలను ఆటోలో పంపకుండా తనే బండి మీద తీసుకెళ్లాడు. ఊళ్లోకి కొత్తగా రెండో నంబరు కుంచె అడిగే మనిషి వచ్చిందంటే అది విగ్రహాల పనికే అని అతని అంచనా. అంచనా తప్పలేదు. షెడ్డు మూలన ఆమె కూర్చుని ఉంది.

షెడ్డు నిండా కళ్లు లేని వినాయకులు. ఒకరి చేతికి లింగవ్వ గొడుగు వేలాడుతోంది. ఒకరి ఒళ్లో టిఫిను డబ్బా. ఇంకొకరి తొండం మీద ఎవరిదో తడి చొక్కా ఆరుతోంది. లింగవ్వ ఆ షెడ్డు యజమానురాలు, గొంతు పెద్దది, మనసూ పెద్దదే.

"గొడుగు సామి చేతికి తగిలిచ్చినవేంది లింగవ్వా?"

"సామి యాడ? కండ్లు తెరిచేదాక బొమ్మనే కొడుకా. తెరిచినంక సామి. గప్పుడు చెప్పులిడిసి దండం పెడత. ఇంకొక మాట, మా షెడ్డుల తెరిచిన కన్ను తుడుచుడు లేదు. మా అత్త నాటి నుంచి గదే రివాజు. అందుకే కొనేటోళ్లు బండి తెచ్చినంకనే కండ్లు తెరిపిస్త."

"గా పిల్ల ఎవలు?"

"సిరిసిల్ల భూమన్న బిడ్డ, రచన. ఇన్నేండ్లు మా సాములకు భూమన్ననే కండ్లు తెరిచిండు. ఇప్పుడాయన కండ్లకే పొర కమ్మింది. ఆపరేషనంటున్నరు. అందుకే ఈ యేడు బిడ్డ అచ్చింది. మా ఇంట్లనే ఉంటున్నది."

జితేందర్ వెళ్లి రచన ఎదురుగా నిలబడ్డాడు. పలకరింపుగా చెప్పాలని ఫోన్లో మంచి మాటలు కొన్ని సేవ్ చేసి ఉన్నాయి కానీ, ఆ సమయానికి ఒక్కటీ నోటికి రాలేదు.

"నాకు నేర్పుతవా?"

"నీ దగ్గర ఏమున్నది?" అంది రచన తలెత్తకుండా.

జితేందర్ జీవితమంతా ఎదురుచూసిన ప్రశ్న అది. మర్నాడు అల్మారీ సగం ఖాళీ చేసి, పెద్ద సంచి మోసుకుంటూ షెడ్డుకు వచ్చాడు. రచన ఒక్కొక్కటీ తీసి చూసింది.

"కవర్లు సుత తియ్యలేదేంది?"

"వాడితె ఖరాబైతయి గదా."

"ఇవి బ్రష్‌లా, పట్టుచీరలా? మా అవ్వ గిట్లనే బీరువల దాస్తది. దినాము తీసి చూసుకుంటది, మల్ల పెడ్తది. కట్టదు."

"మంచి రోజు చూసి మొదలుపెడదామని..."

"గీ సంచి తీస్కపో సేటూ. ఒక్క బ్రష్, ఒక్క గ్లాసు నీళ్లు చాలు. నీ దుకాణంల బండ ఉన్నది గదా, దాని మీద గియ్యి. ఆరినంక మల్ల గియ్యి."

'అన్నా' పోయి 'సేటూ' వచ్చింది. జితేందర్ దాన్ని చిన్న లాభం కింద జమ వేసుకున్నాడు.

"నువ్వు గట్లనే నేర్సుకున్నవా?"

"మా గల్లీల పొద్దంత బట్ట నేసే సాంచెల చప్పుడు. నేసేటోళ్ల చేతులు ఆగయి. నేను ఇంటి ముందటి బండ మీద కూసొని నీళ్లతోని గీసేది. చానా రోజులదాక మా బాపు రంగు చేతికియ్యలే."

"గీసినయన్నీ ఆరిపాయె. మరి నీకు మిగిలిందేంది?"

వ్యాపారి అడిగే ప్రశ్నే. రచన కొంచెం ఆలోచించి, కుడిచేతిని చాపి అతని ముందు పెట్టింది. "గిదే."

శిష్యుడు గురువు మాటను శ్రద్ధగా విన్నాడు. ఇంటికెళ్లి, మర్చిపోకుండా ఉండటానికి ఆ మాటను ఫోన్లో తన గొంతుతో రికార్డు చేసి సేవ్ చేసుకున్నాడు. తర్వాత కళ్లు గీయడం మీద ఒక ఆన్‌లైన్ కోర్సు కొన్నాడు.

ఆ రోజు నుంచి లింగవ్వ షెడ్డుకు రంగులు ఒక్కొక్క డబ్బాగా చేరసాగాయి. అన్నీ ఒకేసారి తీసుకెళ్తే పెట్రోలు కలిసొస్తుందని అతనికి తెలియక కాదు.

"ఏం సేటూ, పొద్దున ఎరుపు తెచ్చినవు, ఇప్పుడు పసుపు తెచ్చినవు. ఇంద్రధనుస్సు పూర్తి కావాలంటె ఇంక ఎన్నిసార్లు రావాలె?" అనేది రచన.

"ఆర్డర్లు గట్లున్నయి."

"బండ మీద గీస్తున్నవా?"

"కోర్సు నడుస్తున్నది. ఇంకా మొదటి పాఠంలనే ఉన్న."

ఆమె లింగవ్వ ఇంటి నుంచి షెడ్డుకు రోజూ అతని దుకాణం ముందు నుంచే నడిచి వెళ్లేది. వాన పడితే చున్నీ కప్పుకునేది, తడిసేది. అది చూడలేక జితేందర్ ఆమె కోసం నీలం రంగు గొడుగు ఒకటి కొన్నాడు. మంచి గొడుగు. ఇవ్వడానికి మంచి సందర్భం రావాలని అల్మారీలో పెట్టాడు. ఆమె మర్నాడూ తడిసింది.

ఈలోగా భూమన్న ఆపరేషను ఖాయమై రచన సిరిసిల్ల వెళ్లింది. తిరిగి రావాల్సిన రోజున బస్సు ఆలస్యమైంది. సరిగ్గా ఆ పూటే కథలాపూర్ కుర్రాళ్లు ట్రాక్టరు వేసుకుని షెడ్డు ముందు దిగారు.

"మబ్బు పట్టింది లింగవ్వా, జల్ది కండ్లు తెరిపియ్యి. తడవకుండ తీస్కపోవాలె."

లింగవ్వ ఫోన్ చేస్తే రచన ఎత్తలేదు. ఒక డబ్బా తెల్లరంగు అందించడానికి వచ్చిన జితేందర్ అక్కడే ఉన్నాడు. ఆమె వచ్చేసరికి పని అయిపోయి ఉంటే? ఆమె ఆశ్చర్యపోతే?

"నేను తెరుస్త," అన్నాడు.

"నీకస్తదా కొడుకా?"

"రచన దగ్గర నేర్సుకున్న గదా."

రోజూ వస్తున్నాడు, నేర్చుకునే ఉంటాడనుకుంది లింగవ్వ. అతను దుకాణానికి వెళ్లి అన్నిటికంటే ఖరీదైన కుంచె కవరు చింపి తెచ్చాడు. విగ్రహం పాదాల దగ్గరున్న ఎలుక వీపుకు ఫోన్ ఆనించి వీడియో పెట్టాడు. వీడియోలో చెయ్యి ఎటు తిరిగితే తన చెయ్యీ అటు తిప్పాడు. మొదటి కంట్లో నల్లటి గుండ్రం వచ్చింది. రెండో కంట్లో సగం గుండ్రం దగ్గర వీడియో ఆగి, సబ్బు ప్రకటన వచ్చింది. చెయ్యి ఆగలేదు.

అంతా అయ్యాక కుర్రాళ్లు ముందుకొచ్చి చూశారు. తర్వాత వాళ్లలో ఒకడు నెమ్మదిగా అన్నాడు.

"అన్నా, సామి ఒక కన్ను జగిత్యాల దిక్కు చూస్తున్నది, ఒక కన్ను సిరిసిల్ల దిక్కు చూస్తున్నది. మా కథలాపూర్ దిక్కు ఎవలు చూడాలె?"

ట్రాక్టరు మీదివాళ్లంతా పగలబడి నవ్వారు. జితేందర్ మాత్రం లింగవ్వ కాళ్ల వైపు చూశాడు. ఆమె చెప్పులు విడవలేదు. గొడుగు ఆ విగ్రహం చేతికే వేలాడుతోంది.

రచన వచ్చింది. చేతిసంచి దించకుండానే మరో విగ్రహానికి కళ్లు తెరిచింది. వాళ్లు దాన్ని ఎక్కించుకుని వెళ్లారు. అప్పుడు వచ్చి ఈ విగ్రహం ముందు నిలబడింది. పెదవి మీదికి నవ్వు వచ్చి, అక్కడే ఆగిపోయింది.

"గీ షెడ్డుల తెరిచిన కండ్లంటె భూమన్న తెరిచినయే అంటరు. మా బాపు కంటి కట్టు ఇంకా ఇప్పలేదు. రేపు ఆయనకు నేనేం చెప్పాలె?"

"నీకోసమే చేసిన," అన్నాడు జితేందర్. "నువ్వు సంతోషపడతవని. నీకోసం నేను మస్తు చేద్దామనుకుంటున్న రచనా. నీ మీద స్టేటస్‌లు సుత రాసి పెట్టిన. గొడుగు సుత కొన్న."

"గొడుగా? ఏడున్నది?"

"అల్మారీల."

"నేను దినాము తడుస్తున్న గదా!"

"కొత్తది... వానల ఖరాబైతదని..."

అన్నాక అతనికే తన మాట వినిపించింది.

రచన అతని కళ్లలోకి చూసింది. బండ మీది కన్నులాగే, అటు ఇటు జరిగినా వదలని చూపు.

"రేపు నన్ను సుత గా అల్మారీలనే పెడ్తవు, కవర్ తియ్యకుండ. మంచిదాన్ని తెచ్చుకున్ననని తాళమేస్కొని సంబురపడతవు. గంతేనా?"

జితేందర్ కుంచెను కింద పెట్టాడు. రచన విగ్రహం వైపు వేలు చూపింది.

"ఈ సామి చూపు నువ్వే సక్క చెయ్యాలె. తుడుచుడు లేదు. ఉన్న గీత మీదనే. పండుగ లోపట నీతోని అయితె గప్పుడు మాట్లాడు, నీ మాట ఇంట. కాకపోతె ఈ సామికి పూజ లేదు, నీకు జవాబు లేదు."

అటు తిరిగి వెళ్లిపోయింది. లింగవ్వ విగ్రహం ముఖానికి తెల్లగుడ్డ కప్పింది. "ముంచినవ్ కొడుకా," అంది. తిట్టినట్టు కాకుండా, జాలిపడినట్టు అంది. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ సాయంత్రం జితేందర్ అల్మారీ తాళం తీశాడు. ఎన్నో ఏళ్లకు అందులోని సరుకును యజమానిలా కాకుండా వ్యాపారిలా చూశాడు. కదలని సరుకు. ఒక్క గొడుగు తప్ప అంతా తెచ్చి దుకాణం ముందు అరలో పేర్చాడు. కోర్సు ఫోన్లోంచి తీసేశాడు, వీడియోలు, రాసి పెట్టుకున్న స్టేటస్‌లు తీసేశాడు. ఫోన్ తేలికైంది. లోపల ఎక్కడో భయం వేసింది. ఇక దాక్కోవడానికి ఏమీ లేదు.

పొద్దున్నే రెండో నంబరు కుంచె ఒకటి తీసి, గ్లాసులో ముంచి, బండ మీద కన్ను గీశాడు. చేపలా వచ్చింది. ఆరింది. మళ్లీ గీశాడు. నిమ్మకాయలా వచ్చింది. ఆరింది.

డిస్టెంపరు కోసం వచ్చిన ఒకావిడ కౌంటరు ముందు నిలబడి నిలబడి, "పిల్లగా, నేను కనవడుతలేనా?" అంది.

"కనవడుతున్నరు అమ్మా, జర గట్లనే ఉండుండ్రి. మీ కంటి కొస అర్థమైతలేదు."

ఆమె భయపడి సత్తయ్య వైపు చూసింది. సత్తయ్య జితేందర్ తండ్రి. మేడిపల్లిలో తాటిచెట్లెక్కి కల్లు గీసినవాడు. మోకాళ్లు మొరాయించాక చెట్టు దిగి, కొడుకు దుకాణంలో స్టూలు మీద కూర్చుంటున్నాడు.

"ఏమనుకోకుండ్రి చెల్లే," అన్నాడు సత్తయ్య డబ్బా అందిస్తూ. "పోరడు ఇన్నొద్దులకు పని మొదలువెట్టిండు."

ఆమె వెళ్లాక కొడుకు దగ్గరికి వచ్చి బండ వైపు చూశాడు.

"అయితలేదు బాపు."

"నేను చెట్టెక్కుడు నేర్సుకున్నప్పుడు నాకు నడుముకు కట్టుకునే మోకు సుత సొంతది లేకుండె. మా బాపు పాతది. రెండు మూరలెక్కుడు, జారుడు. రొమ్మంత గీసుకపోయేది. చెట్టు నన్ను గుర్తుపట్టేదాక గదే పని."

"చెట్టు ఎప్పుడు గుర్తుపట్టింది?"

"నేను లెక్క పెట్టుడు బంద్ చేసినంక."

రచన ఆ దారినే వెళ్తోంది. మాట్లాడటం లేదు. కానీ రెండో రోజో మూడో రోజో దుకాణం ముందు ఆగింది. బండ మీద ఆరుతున్న కన్ను చూసింది. గ్లాసులో వేలు ముంచి, పైగీత కొసను కొంచెం కిందికి లాగి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. జితేందర్ ఆ గీత ఆరేలోపు దాని మీదే పదే పదే కుంచె తిప్పాడు.

అప్పటి నుంచి అదే వాళ్ల సంభాషణ. పొద్దున అతను గీసి ఉంచుతాడు. ఆమె వస్తుంది, చూస్తుంది, తడివేలితో ఒక చోట దిద్దుతుంది. ఒక రోజు కన్ను మొత్తానికే అడ్డంగా గీత కొట్టింది. ఒక రోజు దిద్దకుండా పక్కన కోడిపిల్ల బొమ్మ వేసి పోయింది. అంటే తన కన్ను కోడికన్నులా ఉందని అర్థం చేసుకోవడానికి అతనికి మధ్యాహ్నం దాకా పట్టింది. అర్థమయ్యాక ఒక్కడే నవ్వుకున్నాడు.

గీత ఇప్పుడు వణకడం లేదు. కన్ను కన్నులా వస్తోంది. కానీ చూడటం లేదు. బెదిరినట్టు గుడ్లు మిటకరిస్తోంది. ఎందుకు?

ఒక ఉదయం పెద్ద వాన. రచన పరుగెత్తుకొచ్చి దుకాణం రేకు కింద నిలబడింది. అతనితో మాట్లాడకుండా వాన వైపు చూస్తూ ఉంది. జితేందర్ ఆమెను చూస్తున్నాడు. మొదట అందరు కుర్రాళ్లూ చూసినట్టే చూశాడు. తర్వాత, చెయ్యి అలవాటు పడి ఉండటం వల్ల, గీత కోసం చూశాడు.

పైరెప్ప ఆమె కంటిపాప మీద కొంచెం వాలి ఉంది. నల్లగుండ్రం పూర్తిగా కనపడటం లేదు. దాని పైఅంచు రెప్ప కిందికి దూరి ఉంది. అతను చప్పున గ్లాసు వైపు తిరిగాడు. ఇన్నాళ్లూ తను గుండ్రాన్ని తెలుపు నడుమ విడిగా వదిలేస్తున్నాడు, నీళ్లలో తేలే బిళ్లలా. అది ఎటు కొట్టుకుపోవాలంటే అటు పోతోంది. రెప్పకు తగిలిస్తే?

గీశాడు. పైన గీత. దానికి తగిలేలా కంటిపాప. కింద గీత.

కన్ను చూసింది.

రచన వాన వైపు నుంచి తిరిగి బండ వైపు చూసింది. గ్లాసులో వేలు ముంచింది. బండ మీదికి చెయ్యి చాపి, అలాగే ఆగింది. వేలి చివర నీటిచుక్క జారి పక్కన పడింది. దిద్దకుండానే చెయ్యి వెనక్కి తీసుకుని, వానలోనే వెళ్లిపోయింది.

గొడుగు సంగతి ఆమె మలుపు తిరిగాక గుర్తొచ్చింది జితేందర్‌కు. అల్మారీలోంచి తీసి, కవరు చింపి పారేసి, పరుగెత్తాడు. ఆమె చేతిలో పెట్టి, ఒక్క మాటైనా మాట్లాడకుండా తడుస్తూ వెనక్కి వచ్చాడు. మాట్లాడటానికి ఇంకా గడువు రాలేదు మరి.

పండుగ ముందు రోజు సాయంత్రానికి షెడ్డు ఖాళీ అయింది. అన్ని ఊళ్ల ట్రాక్టర్లూ వచ్చి వెళ్లాయి. ముఖానికి గుడ్డ కప్పిన విగ్రహం ఒక్కటే మిగిలింది. లింగవ్వ గొడుగు ఇంకా దాని చేతికే ఉంది. సన్నగా తుంపర పడుతోంది.

సిరిసిల్ల నుంచి భూమన్న వచ్చాడు. నల్లద్దాలు పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. సత్తయ్య కూడా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"గీ పిలగాడేనా బిడ్డా, జగిత్యాల, సిరిసిల్ల రెండు చూపిచ్చినోడు?" అన్నాడు భూమన్న.

"ఈయననే బాపు."

"మల్ల ఎందుకచ్చిండు?"

"సక్క చేస్తనని అచ్చిన పెద్దయ్యా," అన్నాడు జితేందర్.

"తుడువకుండనా?"

"తుడువకుండ."

రచన తన పనిసంచిలోంచి కుంచె తీసి ఇచ్చింది. మొదటి రోజు అతని దుకాణంలో నీళ్లు తాగిన రెండో నంబరు కుంచె. సీజనంతా కళ్లు తెరిచి తెరిచి దాని వెంట్రుకలు సగం అరిగి ఉన్నాయి.

జితేందర్ గుడ్డ తొలగించాడు. తను చేసిన తప్పు తన ఎదురుగా రెండు దిక్కులూ చూస్తోంది. ఈసారి ఫోన్ లేదు. నల్లరంగులో కుంచె ముంచి ముందు ఊరికే నిలబడి చూశాడు. ఎడమ గుండ్రం బయటికి జరిగి ఉంది. తీసేయడం కుదరదు, కలపడమే కుదురుతుంది. గుండ్రాన్ని తొండంవైపు పెంచాడు. పైకి పెంచి రెప్పకు తగిలించాడు. కుడి కన్నునూ దానికి సరిపడేంత పెంచాడు. వెనక్కి వచ్చి చూశాడు. మళ్లీ వెళ్లి, పైరెప్ప గీతను వెంట్రుకంత లావు చేశాడు.

తుంపర చప్పుడు ఒక్కటే వినపడుతోంది.

అతను పక్కకు జరిగాడు. వినాయకుడి కంటిపాపలు మామూలుకంటే పెద్దవి. కొత్త ఊరికి వచ్చిన పిల్లవాడు బస్సు కిటికీలోంచి చూసినట్టు, ఎదురున్నవాళ్లను వింతగా, ఇష్టంగా చూస్తున్నాయి. రెండూ ఒకే చోట చూస్తున్నాయి.

అప్పుడు లింగవ్వ మెల్లగా ముందుకొచ్చి, విగ్రహం చేతికున్న గొడుగు తీసుకుంది. రెండడుగులు వెనక్కి వేసి, చెప్పులు విడిచి బయటికి నెట్టి, దండం పెట్టింది.

భూమన్న నల్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు.

"గీ సామికి అన్ని కొత్తగనే అవుపడుతున్నట్టున్నయి," అన్నాడు. "ఆపరేషనైన కాడికెల్లి నాకు సుత గట్లనే ఉన్నది." తర్వాత గుమ్మం వైపు తిరిగి, "పిలగాడు నీ కొడుకేనా? మీరు మేడిపల్లోళ్లటగదా. మా బాపు గంభీరావుపేటల తాటిచెట్లెక్కినోడే. నేను కిందికి దిగి బ్రష్ పట్టిన," అన్నాడు.

"నావోడు దుకాణం దిగి పట్టిండు," అన్నాడు సత్తయ్య. "ఈ సామిని మా బజారుకే తీస్కపోత. మరి పిల్లల సంగతి..."

"వాళ్ల లెక్క వాళ్లు చూసుకుంటున్నట్టే ఉన్నది. మనం పండుగైనంక కూసొని మాట్లాడుదాం తియ్యి."

ఇద్దరు తండ్రులూ తాటిచెట్ల మాటల్లో పడ్డారు. రచన నీలం గొడుగు విప్పి షెడ్డు బయటికి నడిచింది. జితేందర్ వెనకే వెళ్లాడు.

"సక్కగైంది గదా. ఇగ మాట్లాడు," అంది ఆమె.

ఫోన్లో స్టేటస్‌లు లేవు. అతను కుంచె పట్టిన చేతిని చూసుకున్నాడు.

"నువ్వంటె నాకిష్టం రచనా. నాతోని ఉంటవా?"

ఆమె వాన వైపు చూసి, మళ్లీ అతని వైపు చూసింది.

"ఇనవడలేదా?"

"ఇనవడ్డది. ఆరిపోయింది. మల్ల చెప్పు."

"నువ్వంటె నాకిష్టం."

"మల్ల ఆరిపోయింది జితేందర్."

అతను నవ్వాడు. 'అన్నా' నుంచి 'సేటూ' మీదుగా ఆ పేరు దాకా వచ్చిన దారిని ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"దినాము చెప్పాల్నా?"

"మరి? ఒక్కసారి చెప్పి దాసిపెడదామనుకున్నవా?" అంటూ ఆమె గొడుగులో సగం అతని మీదికి వంచింది. "ఉంట. గని నువ్వు దినాము అడగాలె."

చివరికి తేలిన లెక్క ఇదీ. అల్మారీ ఖాళీ, సరుకంతా ముందు అరలోంచే పోయింది, కొన్నవాళ్లు వాడుకుంటున్నారు. గొడుగుకు ఒక చువ్వ వంగింది. రెండో నంబరు కుంచె పూర్తిగా అరిగిపోయింది. మిగిలినవి: జితేందర్ చేతికి ఒక గీత, దుకాణంలో ఇంకొక మనిషి. పొద్దున షట్టరు తీయగానే శాబాదు బండ మీద నీళ్లతో అతను ఒక కన్ను గీస్తాడు. పక్కనే రెండో కన్ను రచన గీస్తుంది. ఆరేదాకా ఆ రెండూ ఒకే దిక్కు చూస్తాయి.